పరగడుపు అంకె

"నిజం చెప్పమ్మా. పొద్దున ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదండీ. పరగడుపునే వచ్చాను."

"పోనీ రాత్రి?"

"రెండు మొక్కజొన్న తోర్తియాలు. నాగజెముడు కూర. ఒక గుడ్డు."

డైటీషియన్ బ్రాంబీలా చేతిలో కలం బల్లమీద పెట్టింది. నోయెమీ మొహంకేసి కాకుండా ఆమె స్వెట్టరు చేతికేసి చూసింది. మోచేతి దగ్గర నిన్నటి మైదా ఎండిపోయి తెల్లగా అట్టకట్టి ఉంది.

"నువ్వు పనిచేసేది బేకరీలో కదూ?"

"అవునండీ."

"అదీ సంగతి." బ్రాంబీలా నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు. అదే నోయెమీకి ఒళ్ళు మండించింది. దొంగ దొరికిపోయాక పోలీసువాడు నవ్వే నవ్వు అది. "చూడు తల్లీ, పరగడుపున తొంభై అయిదు దాటకూడదు. నీది రోజూ నూటపది పైనే. గాలి పీలిస్తే షుగరు పెరగదుగా? నీకోసం కాకపోయినా, లోపలున్న ప్రాణం కోసమైనా నోరు కట్టుకోవాలి."

నేతమిల్లులో పనిచేసేవాళ్ళు దారాలు తింటారా అండీ అని అడగాలనుకుంది నోయెమీ. ఈ తులాన్సింగో ఊళ్ళో సగం మంది బతుకు ఆ మిల్లులే. బ్రాంబీలా వాళ్ళ నాన్న కూడా ఏదో మిల్లులో చేసే ఉంటాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ గురువారం మళ్ళీ ఇదే కుర్చీలో, ఇదే మనిషి ఎదురుగా కూర్చోవాలి. "సరేనండీ" అంది.

"గురువారానికి దిగలేదనుకో, డాక్టరుగారు ఇన్సులిన్ రాస్తారు. తర్వాత నన్నని లాభం లేదు."

బడిలో పంతులమ్మ బెత్తం చూపించినట్టు ఉంది ఆ మాట. నోయెమీ ఏడో నెల పొట్టని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుని లేచింది.

బేకరీలో ఆమె పని కోంచాలనే తీపి రొట్టెలు చెయ్యడం. గుండ్రంగా చుట్టిన పిండిముద్దమీద చక్కెర, వెన్న, మైదా కలిపిన పూత పలచగా తట్టి పరచాలి. దానిమీద గవ్వ గీతలున్న అచ్చు నొక్కాలి. గట్టిగా నొక్కితే పిండి కుంగుతుంది, మెత్తగా నొక్కితే గీత పడదు. పళ్ళేలకి పళ్ళేలు నొక్కుతూ పోయింది. చక్కెర పూత వేళ్ళ సందుల్లో అంటుకుంది. షుగరు వచ్చిందని తెలిసిన రోజు నుంచి వేలు నాకడం కూడా మానేసింది. చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్తే, రొట్టెలు కొనడానికొచ్చిన ఒకావిడ అద్దాల బీరువా మీదుగా తొంగి చూసింది.

"ఒకటి తిను తల్లీ, మొహం పీక్కుపోయింది. కడుపులో బిడ్డ అడుగుతుంది. పెట్టకపోతే నోరు తెరుచుకునే పుడుతుంది."

"ఇంకోటి తినమను, వాళ్ళాయనకి ఆస్పత్రి బిల్లు వస్తుంది," అన్నాడు పొయ్యి దగ్గర్నుంచి యజమాని దోన్ ఎలాదియో.

ఇద్దరూ నవ్వుకున్నారు. తినమని ఒకరు, తినొద్దని ఒకరు. తన నోరు ఊరందరి సొత్తు అయిపోయింది. నోయెమీ అచ్చు ఎత్తి ఇంకో కోంచామీద నొక్కింది. ఈసారి గట్టిగా పడింది. ముద్ద కుంగిపోయింది.

*

ఇంటికి చేరేసరికి వంటింట్లో ఇద్దరు వైద్యులు సిద్ధంగా ఉన్నారు.

ఒకరు ఆడపడుచు యాదీరా. బల్లమీద తెల్ల డబ్బా పెట్టుకుని కూర్చుంది. ఇంకొకరు అత్తగారు ఒబ్దూలియా. పొయ్యి పక్కన నిలబడి ప్లాస్టిక్ జల్లెడలో పుల్లపాలు వడకడుతోంది. జల్లెడలో కాలీఫ్లవర్ ముక్కల్లాంటి తెల్లటి గడ్డలు మిగిలాయి. బుల్గారోలు. రాత్రి పాలల్లో వేస్తే పొద్దుటికల్లా ఆ పాలు తోడుకుంటాయి. చెక్క గరిటెతో తప్ప ముట్టుకోకూడదు, ఎవరికీ అమ్మకూడదు, అడిగినవాళ్ళకి ఊరికే ఇవ్వాలి. ఆ ఇంట్లో పిల్లులకి లేని మర్యాద వాటికుంది.

"వదినా, ఇవి చూడు," అంది యాదీరా డబ్బా తిప్పుతూ. "ప్రోబయోటిక్స్. ఒక్కో బిళ్ళలో అయిదువందల కోట్ల మంచి బాక్టీరియా. మా చేత ఇవి అమ్మించే లీడరమ్మ చెప్పింది, షుగరంతా పేగుల్లోనే పుడుతుందట. పేగు బాగుంటే మనిషి బాగుంటాడు."

"నా గిన్నెలో వెయ్యి కోట్లున్నాయి," అంది ఒబ్దూలియా వెనక్కి తిరగకుండానే.

"నువ్వు లెక్కపెట్టావా అమ్మా?"

"నువ్వు లెక్కపెట్టావా?"

"డబ్బామీద రాసుంది!"

"డబ్బామీద రాసినవాడు పెట్టాడా లెక్క? నోరు లేని జీవాలు. పాలు పోస్తే బతుకుతాయి, పొయ్యకపోతే చస్తాయి. నీ డబ్బాలోవి ఏం తిని బతుకుతున్నాయి? దుమ్మా?"

ఫెర్మీన్ అప్పుడే తను నడిపే సవారీ వ్యాను బయట ఆపి లోపలికొచ్చాడు. తల్లినీ చెల్లెల్నీ చూసి, భార్యని చూసి, తప్పు చోటికొచ్చినవాడిలా గుమ్మంలోనే ఆగిపోయాడు.

"డాక్టరేమంది నోయీ?"

"డాక్టరు కాదు, డైటీషియన్. నేను దొంగతనంగా తింటున్నానంది."

"తింటున్నావా?" అన్నాడు ఫెర్మీన్. అని, వెంటనే నాలిక కరుచుకున్నాడు. కానీ మాట బయటికొచ్చేసింది.

నోయెమీ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒబ్దూలియా గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. పుల్లపాలు పైదాకా నురగతో ఉన్నాయి.

"తాగు. నువ్వు తాగే దాకా నేను కదలను."

నిజానికి ఆ పాలతో నోయెమీకి పేచీ లేదు. ఐరన్ బిళ్ళలు మొదలెట్టాక రాయిలా బిగుసుకుపోయిన పొట్ట, ఇవి తాగడం మొదలెట్టాకే కాస్త దారికొచ్చింది. ఎత్తి ఒక గుక్క తాగింది. ఆగింది. ఇంకో గుక్క నోట్లో ఉంచుకుని నాలుకతో తిప్పింది. తీపి తెలుసుకోవడం ఆమె వృత్తి.

లేచి పొయ్యి వెనక అలమర తలుపు తెరిచింది. ఉప్పు డబ్బా వెనకాల, గుడ్డలో చుట్టిన బెల్లం దిమ్మ. ఒక మూల గీరి గీరి అరిగిపోయి ఉంది.

"అత్తయ్యా."

"చిటికెడు. చిటికెడే వేశాను."

"రోజూనా?"

"పుల్లగా ఉంటే నువ్వు తాగవని..."

"దేవుడా!" నోయెమీ గ్లాసుని గిన్నెలు కడిగే తొట్లో విసురుగా పెట్టిన చప్పుడుకి పెరట్లో కుక్క మొరిగింది. "అక్కడ ఆవిడ నన్ను దొంగని చేసి కూర్చోబెడుతుంది. నేను తోర్తియాలు తుంచుకుని, తూచుకుని తింటున్నాను. ఇక్కడ మీరు బెల్లం కలిపి పోస్తున్నారు! ఇక వద్దు. మీ పాలొద్దు, యాదీరా, నీ బిళ్ళలూ వద్దు. ఎవరూ నాకేమీ పెట్టకండి!"

"బిళ్ళలేం చేశాయి వదినా?" అంది యాదీరా. కానీ డబ్బా సంచిలో పెట్టేసుకుంది.

ఒబ్దూలియా తొట్లో ఒలికిన పాలకేసి చూస్తూ నిలబడింది. చెక్క గరిటె కడిగి, తుడిచి, గోడకి తగిలించి, తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నోయెమీ కోపంగానే అయినా తేలిగ్గా నిద్రపోయింది. కారణం దొరికింది. గురువారం బ్రాంబీలా బల్లమీద మంచి అంకె పెట్టి, ఒక్క మాటా మాట్లాడకుండా లేచి రావచ్చు.

*

బుధవారం పొద్దున వంటింటి బల్ల దగ్గర వేలు పొడుచుకుంది. నెత్తుటి బొట్టు పీల్చుకుని మిషను కాసేపు ఆలోచించింది.

నూట ఇరవై ఒకటి.

బెల్లం లేకుండా రెండు రాత్రులు గడిచాయి. నిన్న పొద్దున కూడా తగ్గలేదు. ఒక్కరోజులో ఏం తెలుస్తుందిలే అనుకుంది. ఇవాళ ఇంకా పెరిగింది.

"ఎంత?" అన్నాడు ఫెర్మీన్ బూటు లేసు కట్టుకుంటూ.

చెప్పింది. అతను లేసు వదిలేసి తలెత్తాడు. పాలకోసం వచ్చిన యాదీరా "అయ్యో" అంది. పొయ్యి దగ్గర ఒబ్దూలియా రెండు గ్లాసుల నీళ్ళు వెంటవెంటనే గటగట తాగి, మూతి తుడుచుకుని అంది:

"చూశావా? పాలు మానేశావు, అందుకే పెరిగింది."

నోయెమీ ఆవిడకేసి చూసింది.

"మానేస్తే పెరగదా మరి?" ఒబ్దూలియా ఆగలేదు. "రేపు సూది రాస్తారు. ఇక అయిపోయినట్టే. మా అన్న సిల్వెస్త్రే సంగతి ఊరంతా చూశారు. సూది మొదలెట్టారు, ఏడాది తిరక్కుండా కళ్ళు పోయాయి. సూది పడితే ఇక మనిషి మనిషి కాదు. బిడ్డకేం అవుతుందో! నా మాట విని..."

"ఇలా రండి అత్తయ్యా."

"ఏంటి?"

"రండి. మీ పాలు అంత మందైతే, ఇన్నేళ్ళుగా తాగుతున్నారు కదా, మీకెంత బాగుందో అందరం చూద్దాం."

"నాకెందుకే? నాకేం లేదు!"

నోయెమీ అప్పటికే కొత్త సూది బిగించింది. లేచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఒబ్దూలియా లాక్కోబోయింది. రోజంతా పిండి పిసికే చెయ్యి ముందు ఆ బలం ఏ మూలకి? చేతిగుడ్డతో తుడిచి, వేలు నొక్కి, టక్కున పొడిచింది. ఇంతటితో ఈ ఇంట్లో ప్రసంగాలు ఆగిపోవాలి అనుకుంది, అంతే.

మూడు వందల నలభై ఒకటి.

మిషను పాడైందేమో అన్నాడు ఫెర్మీన్. చెయ్యి సబ్బుతో కడిగించి మళ్ళీ చూశారు. మూడు వందల ముప్ఫయి ఆరు.

"నిజం చెప్పండి," అంది నోయెమీ. గొంతు తనకి తెలియకుండానే లేచింది. "ఏం తింటున్నారు? నిజం చెప్పండి!"

ఒబ్దూలియా పొడిచిన వేలు పిడికిట్లో దాచుకుంది. ఆవిడ మెడ భుజాల్లోకి కుంగింది.

"ఏమీ తినలేదే," అంది నీరసంగా. "పొద్దున్నుంచి నీళ్ళే."

తన నోట్లోంచి ఇప్పుడు వచ్చింది ఎవరి మాటో నోయెమీకి తెలుసు. మాట ఒకటే కాదు, దాని వెనక ఉన్న ఆ దొరికిపోయావులే అన్న తృప్తి కూడా అదే.

ఒబ్దూలియా జల్లెడా గిన్నే తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

*

వ్యాను కోసం జనం ఎదురుచూస్తారని ఫెర్మీన్ వెళ్ళక తప్పలేదు. వెళ్తూ వెళ్తూ పెరటికేసి రెండుసార్లు చూశాడు. యాదీరా పాల గిన్నె మర్చిపోయి వెళ్ళింది.

నోయెమీ పెరట్లోకి వెళ్ళేసరికి ఒబ్దూలియా నీళ్ళ తొట్టి గట్టుమీద కూర్చుని బుల్గారోలు కడుగుతోంది. మంచు ఇంకా విడలేదు. ఆవిడ వేళ్ళు చలికి ఎర్రబడ్డాయి. తెల్ల గడ్డల్ని ఒక్కొక్కటే తిప్పి, నీళ్ళు పోసి, మళ్ళీ తిప్పుతోంది.

"తప్పయింది అత్తయ్యా. అలా లాక్కుని పొడవాల్సింది కాదు."

"చెయ్యి నొప్పేం లేదులే."

"ఎన్నాళ్ళనుంచి తెలుసు మీకు?"

"తెలియడానికేముంది? దాహం వేస్తుంది. పాదాలు నావి కానట్టుంటాయి. తెలుసులే."

"మరి చూపించుకోరేం? ఆస్పత్రి ఊళ్ళోనే ఉందాయె!"

ఒబ్దూలియా గిన్నెలో నీళ్ళు పారబోసింది. మళ్ళీ పోసింది. నోయెమీకి విసుగొచ్చింది. ఈ మనిషి ఎప్పుడూ ఇంతే, అక్కర్లేని చోట వంద మాటలు, కావలసిన చోట మౌనం. లోపలికి వెళ్ళిపోదామని తిరగబోతుంటే వినపడింది:

"ఫెర్మీన్‌కి ముందు ఒకటి పుట్టింది నాకు."

నోయెమీ ఆగింది.

"ఆడపిల్ల. వీళ్ళకి తెలీదు. వీళ్ళ నాన్నా నేనూ మాట్లాడుకునేవాళ్ళం కాదు దాని గురించి. ఎంత పిల్లో తెలుసా? నర్సు రెండు చేతుల్తో ఎత్తింది. అంత బరువు పిల్లని ఆ వార్డులో ఎవరూ చూళ్ళేదంట. బుగ్గలూ, మణికట్టు దగ్గర మడతలూ, జుట్టూ... మూడు నెలల పిల్లలా ఉంది. ఊపిరే లేదు." చెక్క గరిటెతో ఒక గడ్డని పక్కకి జరిపింది. "డాక్టరు దుప్పటి సర్దుతూ అన్నాడు, 'ఏమ్మా, ఇద్దరి తిండీ నువ్వే తిన్నావుగా. తిని తిని చంపుకున్నావు' అని. అరవలేదు. నవ్వుతూనే అన్నాడు. నేనేం తిన్నాను నోయెమీ? చిక్కుళ్ళూ తోర్తియా. మిల్లు మూసేసిన రోజులవి. ఏం తిన్నానో రోజూ గుర్తు చేసుకునేదాన్ని. ఒకసారి పక్కింటి పెళ్ళిలో తీపి జావ తాగాను. అదేనేమో అనుకున్నాను."

నోయెమీ తొట్టి గట్టు పట్టుకుని, మెల్లిగా, ఆవిడ పక్కన కూర్చుంది.

"ఫెర్మీన్ కడుపులో ఉన్నప్పుడు వెనకింటావిడ ఈ తోడు ఇచ్చింది. తాగు, కడుపు చల్లగా ఉంటుందంది. రోజూ తాగాను. వాడు ఏడుస్తూ పుట్టాడు. ఇక నేనేమనుకోవాలి చెప్పు? నువ్వు గ్లాసు తొట్లో పారబోస్తుంటే నాకెలా ఉంటుంది?"

"ముందే చెప్పొచ్చు కదా అత్తయ్యా," అంది నోయెమీ. ఇంకా కొంచెం కోపంగానే ఉంది గొంతు. ఆ కోపం ఎవరిమీదో మాత్రం ఇప్పుడు తెలియడం లేదు.

"ఏమని చెప్పను? ఆస్పత్రికెళ్తే మళ్ళీ అదే మాట అంటారు. ఒకసారి పడ్డాను, చాలు."

నోయెమీ జల్లెడ తన ఒళ్ళోకి తీసుకుంది. లోపల బిడ్డ ఒక్క తన్ను తన్నింది.

"రేపు మీరూ వస్తున్నారు నాతో," అంది.

"నేను రాను."

"వస్తారు. లేకపోతే నేనూ వెళ్ళను. సూదీ వేయించుకోను, ఏదీ వేయించుకోను. అప్పుడు చూసుకోండి."

"ఇదేం మొండితనమే!"

"ఈ ఇంటికొచ్చాకే నేర్చుకున్నాను."

*

గురువారం ఒబ్దూలియా పండగ శాలువా కప్పుకుని వచ్చింది. దారంతా వ్యానులో సణిగింది. ఆస్పత్రిలో కుర్చీలు గట్టిగా ఉన్నాయంది. ఫినాయిలు వాసనంది. డాక్టర్లందరూ ఒకటే బాపతంది. నోయెమీ పళ్ళు బిగించుకుని కూర్చుంది.

బ్రాంబీలా అంకెలు చూసి నిట్టూర్చింది. "నూట పంతొమ్మిది. నేనేం చెప్పాను? నిజం చెప్పమ్మా, రాత్రి..."

"మీరు నమ్మేది ఏమిటో ముందు మీరే చెప్పండి," అంది నోయెమీ. "అదే తిన్నానని చెప్తాను. పని తొందరగా అవుతుంది."

బ్రాంబీలా మొహం ఎర్రబడింది. లోపలి గది తలుపు తెరిచే ఉంది. డాక్టర్ సూనిగా మెడలో కళ్ళజోడు ఊగిస్తూ బయటికొచ్చింది. తల నెరిసిన, అలిసిపోయిన మనిషి. కాగితం తీసుకుని నిలబడే చదివింది.

"భోజనం తర్వాతవన్నీ బాగున్నాయి. పరగడుపుదే ఎక్కువ." బ్రాంబీలాకేసి చూసింది. "తింటే పెరిగేది భోజనం తర్వాత కదా పెరగాలి? ఇది తిండి కాదు." నోయెమీ వైపు తిరిగింది. "కడుపులో బిడ్డని అంటిపెట్టుకుని ఉండే మావి చేసే పనమ్మా ఇది. నెలలు నిండేకొద్దీ నీ ఒంట్లో ఇన్సులిన్‌ని పని చెయ్యనివ్వదు. నువ్వు రాత్రంతా ఉపవాసమున్నా ఇంతే. నీ నోటి తప్పు కాదు."

ఇంతకాలం ఎవరైనా ఆ మాటంటే ఎగిరి గంతేస్తాననుకుంది నోయెమీ. తీరా అన్నాక, నీరసం కమ్మింది. కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నందుకు తనమీద తనకే విసుగేసింది.

"మరి పుల్లపాలు?" అంది వెనకనుంచి ఒబ్దూలియా. "బుల్గారోలు. మానేసింది. అందుకేనా?"

"మానక్కర్లేదు. తీపేమీ కలపకుండా ఒక గ్లాసు తాగొచ్చు, పొట్టకి మంచిది. పేగుల్లో ఉండే వాటికీ షుగరుకీ సంబంధం ఉందని చూస్తున్నారు. కొందరికి కాస్త తగ్గినట్టుంది, కొందరికి ఏమీ లేదు. గట్టిగా ఎవరూ చెప్పలేకపోతున్నారు. కానీ ఇన్సులిన్ పని అది చెయ్యదు."

"ఇన్సులిన్‌తో కళ్ళు పోతాయి. మా అన్నకి పోయాయి."

"ఆయనకి ఎప్పుడు మొదలెట్టారు?"

ఒబ్దూలియా ఆలోచించింది. "చివర్లో. అన్నీ అయ్యాక."

"కళ్ళు తీసింది ఆలస్యం అమ్మా, సూది కాదు."

నర్సు వచ్చి కలంలాంటి సూది చూపించింది. తిప్పాలి, అంకె చూడాలి, తొడమీద చర్మం చిటికెలో పట్టాలి. నోయెమీ తనే పొడుచుకుంది. చీమ కుట్టినంత. ఇంతకాలం అందరూ భయపెట్టింది దీనితోనా? ఒబ్దూలియా ఊపిరి బిగబట్టి చూసింది. కోడలి మొహం, కళ్ళు, మళ్ళీ మొహం. ఏమీ కాలేదు.

"ఇప్పుడు మా అత్తగారిని చూడండి," అంది నోయెమీ. "ఆవిడకి మూడు వందలు దాటింది. ఏం తిన్నారని మాత్రం అడక్కండి."

డాక్టర్ సూనిగా కుర్చీ చూపించింది. ఒబ్దూలియా దాని అంచుమీద, పారిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది.

"ఎన్ని కాన్పులమ్మా మీకు?"

ఆ జవాబు ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. ఇద్దరు, ఫెర్మీన్, యాదీరా. బ్రాంబీలా కలం అప్పుడే కాగితం మీద వంగింది.

"మూడు," అంది ఒబ్దూలియా.

కలం ఆగింది.

"మొదటిది ఆడపిల్ల. చాలా పెద్ద పిల్ల. పుట్టేటప్పటికే పోయింది. నేను ఎక్కువ తిన్నానన్నారు."

డాక్టర్ సూనిగా కళ్ళజోడు మెడలోంచి తీసి బల్లమీద పెట్టింది. "అప్పుడు ఎవరైనా మీకు షుగరు చూశారా?"

"లేదు. తిండి గురించే అడిగారు."

"మీరు తిన్నదాని వల్ల కాదమ్మా. మీకు అప్పుడే షుగరు ఉండి ఉంటుంది. చూడాల్సింది వాళ్ళు. చూడలేదు."

ఒబ్దూలియా ఏడవలేదు. కుర్చీలో వెనక్కి జరిగి, నిండుగా కూర్చుంది. బ్రాంబీలా కలం ఎత్తడం చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"రాయక్కర్లేదు, వినండి చాలు. దాని పేరు అంపారో."

పెరట్లో కూడా చెప్పని పేరు. నోయెమీ అది వినడం అదే మొదటిసారి. ఒబ్దూలియా ఇంకోసారి, గది అంతటికీ వినపడేలా చెప్పింది. ఆ తర్వాత పరీక్షకి చెయ్యి చాపింది.